ఆదివారం ప్రశ్నలు

తమ్ముడూ, మన అమ్మాయి ఎంబీఏ పరిశోధనకు టాపిక్ దొరికిందిరా! తను ఏది చెప్పినా మరీ పెద్దదంటూ మాస్టారు తిప్పికొట్టారు. ఈ వారం దాటితే ఏడాది పోయేదే.

నిన్న ఫోన్లో దిగులుగా అడిగింది: “నాన్నా, మీ వీధి సూపర్ మార్కెట్లో ఎవరి బిల్లు వాళ్లే కట్టుకునే మెషిన్ పెట్టారు కదా, నువ్వింకా లైన్లోనే ఎందుకు నిలబడతావు?”

“కౌంటర్లో అమ్మాయిలా మెషిన్ ‘తిన్నారా బాబాయ్’ అని అడగదు కదే పిచ్చిదానా!”

అంతే, “ఇదే నా టాపిక్ నాన్నా” అంది. మాస్టారు వెంటనే ఒప్పుకున్నారట!

ఇక ప్రశ్నలడగడానికి ప్రతి ఆదివారం నాకే ఫోన్ చేస్తుందట. జవాబులన్నీ ఒకేసారి చెప్పేస్తానా ఏమిటి, దాచుకుని కొంచెం కొంచెంగా చెబుతాను.

నేను ఫోన్ చేస్తే ఓ పట్టాన వదలనని ఎవరూ ఎత్తడం లేదు. ఈ మెసేజ్ చూసి నువ్వే చెప్పాలి, పెద్దక్కకు, బావగారికి, మేనకోడలికి, మా పెద్దాడికి.