బ్యాటరీల ఖర్చు

"సౌండు తగ్గియ్యి నాయినా, బజారంత వింటున్నది," అంటూ యాదగిరి టీవీ మీట నొక్కాడు. తెరకు చెవి ఆనించి కూర్చున్న లచ్చయ్య మళ్లీ పెంచాడు.

ఆ రభసలోనే యాదగిరి భార్య సుగుణ, మామ రిటైరైన ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చదివింది. నిరుడు బిల్లు చెల్లించిన చెవి మిషన్‌కు కొత్త బ్యాటరీల ఖర్చు కూడా ఇస్తారట.

ఇంట్లో మిషనే లేదు.

"నిరుడు మిషన్ కాయితాల మీద మామతోని సంతకం పెట్టించుకపోయిన్రు. ముసలితనం రోగం కాదట, పైసలు రావట అని మీరే చెప్పిన్రు గదా?" అని భర్తను అడిగింది.

యాదగిరి గొంతు తగ్గించాడు. "సూర్యాపేటల దొంగ బిల్లు రాయించిన. ఆ పైసలతోనే టీవీ కొన్న. పొద్దంత సూసేది ఆయనే గద."



అన్నాల దగ్గర సుగుణ భర్త ముఖం చూడకుండా వడ్డించింది. తర్వాత మామ చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "మామా, మీ మిషన్ పైసలు నిరుడే వచ్చినయి. వాటితోని మీ కొడుకు టీవీ కొన్నడు. రేపు దాన్ని అమ్ముతున్న. మిమ్మల్ని హైదరాబాద్ తోల్కపోయి మిషన్ పెట్టిస్త."

"మెల్లగ చెప్పు, బజారంత వింటది," అన్నాడు యాదగిరి.

సుగుణ మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఇంకా గట్టిగా.