బల్లకు దూరం

ఆ ఆదివారం పొద్దున ఆకాశం తూర్పున నల్లగా, పడమట తేటగా ఉంది. వాన తెచ్చే మబ్బు కాదది, ఎండను ఆపే మబ్బు.

వడ్రంగి ఎప్పటిలాగే మందిరం బయట, కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

గొడుగులు బాగుచేసే ఆయన అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

నెలలో మొదటి ఆదివారం. లోపల ప్రభువు బల్ల, అంటే క్రీస్తు పేరిట విశ్వాసులు రొట్టె పంచుకునే ఆరాధన, జరుగుతోంది. రొట్టె పళ్లెం ఒక్కో వరుసా దాటి వడ్రంగి భార్య దగ్గరికి వచ్చింది. ఆమె ఒక ముక్క తీసుకుని కళ్లు మూసుకుంది.

బయట అతను గుటక మింగాడు.

"అంత ఆశగా ఉంటే లోపలికి వెళ్లరాదూ?" అన్నాడు గొడుగులాయన.

"నన్ను బల్లకు దూరం పెట్టారు బాబాయ్. నీకు తెలీదా?"

"తెలుసు."

తెలియనిదెవరికి? తొమ్మిదేళ్ల కిందట అతను పడవ నడిపేవాడు. ఒకరోజు తాగి, పడవ నిండా జనాన్ని కుక్కి ఏరు దాటించబోయాడు. పడవ తిరగబడింది. అవతలి ఊరి పదేళ్ల పిల్ల ఒకతె పోయింది. కోర్టులో ఆ పిల్ల తాలూకు వాళ్ల వైపు అతను తలెత్తి చూడలేదు. రెండేళ్లు జైల్లో ఉన్నాడు. వడ్రంగి పని అక్కడే నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక మళ్లీ తెడ్డు పట్టలేదు.

ఆ సంఘానికి ఒక పాత పద్ధతి ఉంది. బల్లకు దూరమైనవాడు తిరిగి రావాలంటే ఎవరో ఒకరు అతనికి పూచీ నిలబడాలి. నిలబడ్డదెవరో పాస్టరుగారికే తెలుస్తుంది. తప్పు చేసినవాడు తనంతట తాను వెళ్లి అడిగితే తప్ప ఆయన చెప్పరు.

వడ్రంగి ఏడేళ్లుగా అడగలేదు.

"పోయి అడుగు. ఎవరైనా ఉన్నారేమో."

"లేరంటే?"

"లేరని నీకెవరు చెప్పారు?"

"నాలాంటోడికి ఎవరు నిలబడతారు బాబాయ్? ఇంకో నాలుగు బెంచీలు చేసిస్తా. ఆ తలుపు కూడా మారుస్తా. అప్పుడు అడుగుతా."

"కిందటేడు కిటికీలన్నావు. అంతకుముందు కప్పు అన్నావు. మందిరమంతా చెక్కతో కట్టేసినా నీకు చాలదురా అబ్బాయ్."

"మరేం చెయ్యమంటావ్?"

"దేవుడు మనుషులతో నిబంధన చేసి మాటిచ్చాక వాళ్లు ఎన్నిసార్లు మాట తప్పలేదు? రెండు వైపుల మాటా ఆయనే నిలబెట్టాడు. లేకపోతే లోపలున్న వాళ్లలో ఒక్కరికైనా ఆ ముక్క దక్కేదా?"

"ఇంత తెలిసినవాడివి, నువ్వెందుకు వెళ్లవు?"

"ఒకడి కోసం చూస్తున్నా. వాడొస్తే కలిసి వెళ్దామని."

"ఎవరు? కొడుకా?"

"కొడుకనే అనుకో."

"ఎన్నేళ్ల నుంచి?"

"ఏడు."

"ఇంకేం వస్తాడు బాబాయ్! నువ్వెళ్లి తినెయ్."

గొడుగులాయన నవ్వాడు. "నువ్వలా అనకు."

చలి ముదిరిన రోజుల్లో, నాలుగు రోజుల జ్వరంతో గొడుగులాయన పోయాడు. ఎక్కణ్ణుంచో వచ్చిన మనిషి, నా అన్నవాళ్లు లేరు. శవపెట్టె వడ్రంగే చేశాడు. లోపలి వైపు కూడా చేతికి తగలకుండా నున్నగా చిత్రిక పట్టాడు.

మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. మెట్టు ఖాళీగా ఉంది.

వడ్రంగి కాసేపు గోడ దగ్గర నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనకపోవడాన్ని అతను తట్టుకోలేకపోయాడు.

లోపలికి వెళుతున్న భార్య ఆగింది.

"ఏడేళ్ల నుంచి బెంచీలకు మేకులు కొడుతున్నావు. నోటికి కూడా ఒకటి కొట్టుకున్నావా? అడగవయ్యా!"

అతను చెప్పులు విప్పి గుమ్మం దాకా వెళ్లాడు. పాస్టరుగారే ఎదురొచ్చారు.

"అయ్యగారూ... నాకెవరైనా పూచీ..."

"ఉన్నారు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు జైలు నుంచి వచ్చిన వారం నుంచి."

వడ్రంగి తలుపు పట్టుకున్నాడు.

"ఎవరయ్యా?"

"మొన్న పెట్టె చేశావే, ఆయనే."

"గొడుగుల బాబాయా? మరి ఆయన కూడా తినలేదు కదా!"

"మానమని మేం చెప్పలేదు. పూచీ నిలబడ్డవాళ్లు రొట్టె మానాలని పద్ధతి లేదు. వాడు తిన్న రోజే నేనూ తింటాను అన్నాడు. నీకు చెబుతానన్నా ఒప్పుకోలేదు. మొహమాటానికి రాకూడదు, ఆశపడి రావాలన్నాడు."

వడ్రంగి వెనక్కి తిరిగి ఖాళీ మెట్టు వైపు చూశాడు.

"ఆయన పోయాడు కదయ్యా. పూచీ చెల్లుతుందా?"

"ఇచ్చినవాడు పోయాడు. ఇక దాన్ని మార్చేదెవరు? రా."

"నేనాయనకి ఏమవుతానని నిలబడ్డాడు?"

పాస్టరుగారు అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అతను చేసిన బెంచీ మీదే భార్య పక్కన కూర్చోబెట్టారు. ఆ బెంచీ మీద కూర్చోవడం అతనికదే మొదలు.

పళ్లెం వచ్చింది. పాస్టరుగారు వంగి రొట్టె ముక్క అతని చేతిలో పెట్టి, చెవిలో ఒక్క మాట చెప్పి ముందుకు సాగారు.

భార్య అతని మొహం చూసి కాస్త దగ్గరికి జరిగింది.

అందరూ మౌనంగా తింటున్నారు. వడ్రంగి కూడా వాళ్లతోపాటే ఆ ముక్క నోట్లో పెట్టుకుని, ఏట్లో పోయిన పిల్లకు గొడుగులాయనే కన్నతండ్రి అన్న ఆ మాటతో కలిపి మెల్లగా నమిలాడు.