పడినవాణ్ణి దాటిపోయినవాడు

బంగారుపేట దాటాక రైల్వే గేటు పడి ఉంది.

మునీంద్ర తన ఆరువందల యాభై సీసీ స్పోర్ట్స్ బండిని గేటుకు ఆనించి ఆపాడు.

అంతలో లారీల సందులోంచి ఒక ఎర్రబండి జొరబడి వచ్చింది. అదీ స్పోర్ట్స్ బండే, కానీ పాతది, నూట యాభై సీసీ. దాని ముందు చక్రం అతని చక్రానికన్నా జానెడు ముందుకొచ్చి ఆగింది.

"ఏమప్పా, అంత అర్జెంటా?" అన్నాడు మునీంద్ర.

"అర్జెంటేనప్పా," అన్నాడు ఆ మనిషి. యాభై ఏళ్ళుంటాయి. మోచేతుల దాకా పొలం మట్టి.

"ఈడుండే వాళ్ళందరికీ అర్జెంటే."

తన అర్జెంటు ఏమిటో మాత్రం మునీంద్ర చెప్పలేదు.

మాలూరు ఫ్యాక్టరీలో ఉండగా భార్య శశికళ ఫోను చేసింది. మూతపడ్డ బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల లైను ఇంటి వెనక, కట్టెల దగ్గర ఆడుకుంటున్న ఆరేళ్ళ రక్షితను కట్లపాము కరిచింది.

"ఈడ ఆస్పత్రిలో మందు అయిపోయిందంట. కోలారు నుంచి వ్యానులో పంపినారంట. నువ్వు వచ్చేయి," అంది.

ఆ మాట ఇంకొకరికి చెబితే ఎక్కడ నిజమైపోతుందోనని అతని భయం.

రైలు రాలేదు. ఆ మనిషి పట్టాల వైపు చూశాడు. వాచీ చూశాడు. తర్వాత మునీంద్ర బండి చూశాడు.

"ఎట్లుంటాదప్పా ఇది తోలేకి?"

ఊరుకుంటే పాప మొహమే కళ్ళ ముందుకొస్తోంది. అందుకని మునీంద్ర మాట్లాడాడు.

"మణికట్టు ఇట్లా తిప్పితే చాలు, చేతులు పీక్కుపోతాయి. గేరు మార్చే పనే ఉండదు. ఇంగ నీదా, అరిచేదే గానీ కదిలేది లేదు."

"అరిస్తేనే కదుల్తాదప్పా ఇది," నవ్వాడు ఆ మనిషి. "ఊరికూరికే గేర్లు తొక్కాల. అరచేతులు జుమ్మంటాయి. కానీ కిందుండే రాయి రాయినీ చేతికి చెప్తాది. పెద్దబండి పెద్దమనిషి మాదిరి, ఏమీ బయటికి చెప్పదు. ముందర రోడ్డు తవ్వి కంకర పోసినారు. నిదానమప్పా."

"నీ బండి నువ్వు చూసుకో."

రైలు పోయింది. గేటు లేచింది.

పెద్దబండి ఒక్క దూకు దూకింది. అద్దంలో ఎర్రబండి చుక్కంతై మాయమైంది. వంద దాటినా హ్యాండిల్‌లో వణుకు లేదు. మునీంద్ర ట్యాంకుకు మోకాళ్ళు అదిమి, రొమ్ము వంచి, "పది నిమిషాలు తల్లీ, పది నిమిషాలు," అనుకున్నాడు.

కంకర వచ్చిన సంగతి బండి అతనికి చెప్పలేదు. మలుపులో వెనక చక్రం పక్కకు పోయాకే తెలిసింది.

రెండువందల కేజీల బండి కాలి మీద పడింది. లేపబోతే కదల్లేదు. గేటు దగ్గరి లారీలు వేరే దారి పట్టినట్టున్నాయి, రోడ్డు మీద నరపురుగు లేదు.

కాసేపటికి ఎర్రబండి అరుపు వినిపించింది. గేర్లు దించుకుంటూ, కంకరలో సైకిలు మాదిరి అటూ ఇటూ మెలికలు తిరుగుతూ వచ్చింది. మునీంద్ర చెయ్యెత్తి ఊపాడు.

ఆ మనిషి వేగం తగ్గించాడు. చూశాడు. వెళ్ళిపోయాడు.

ఆదివారాలు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద బండ్లు తోలే రీఫ్స్ వాళ్ళకు ఒకటే కట్టుబాటు. పడినవాణ్ణి దాటి పోకూడదు. తాతలు గనిలో దిగిన నాటిది అది. సొరంగంలో పక్కవాడు పడితే వదిలేసి పైకొచ్చినవాడికి లైన్లలో ఎవరూ మంచినీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు కాదు.

మునీంద్ర ఫోను లాగి శంకర్‌కు కొట్టాడు. అతనూ రీఫ్స్ వాడే. ఊరిగాం దగ్గర పంచరు అంగడి.

"పడిపోయినాను రా. ఎర్రబండోడు ఒకడు చూసి గూడా పోయినాడు."

"పడినోణ్ణి దాటినాడా?" శంకర్ గొంతు మారింది. "ఇట్లే గదన్నా రావాల. రానీ."

పాప సంగతి అప్పుడూ నోటికి రాలేదు.

పాల టెంపోవాళ్ళు వచ్చి, బండిని లేపి, అతన్ని ఎక్కించుకునేసరికి అరగంట దాటింది.

ఊరిగాం దగ్గర శంకర్, మరో నలుగురూ రోడ్డుకు అడ్డంగా ఉన్నారు. ఆ మనిషి నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లింది. ఎర్రబండి కీ శంకర్ వేలికి గిరగిరా తిరుగుతోంది, ఆ మనిషి ఫోను ఇంకొకడి చేతిలో ఉంది.

"ఏమేమో కథలు చెప్తా ఉండాడన్నా. ఆస్పత్రికి పోవాలంట."

"పడినోడు గూడా ఆస్పత్రికే గదప్పా పోవాల," అన్నాడు వాళ్ళలో ఒకడు. మిగతావాళ్ళు నవ్వారు.

మునీంద్ర టెంపోలోంచి తల బయటపెట్టాడు. "ఒక్క నిమిషం ఆగలేకపోతివా నువ్వు?"

"చెయ్యి ఊపితివి గదప్పా," అన్నాడు ఆ మనిషి లేస్తూ. "బతికుండావని తెలిసింది, పోతిని. కీ ఇప్పించు. నీ కాళ్ళకు మొక్కుతా."

"ఇంగ కొంచేపు ఈడే ఉంచు రా వీణ్ణి. పడినోడి నొప్పి తెలియాల," అని, డ్రైవరును పోనిమ్మన్నాడు మునీంద్ర.

ఆస్పత్రి గేటు బయటే శశికళ నిలబడి ఉంది.

"పాప?"

"ఊపిరి అందలేదు. మిషను పెట్టినారు. మందు ఇప్పుడు పడితేనే అంటాడు డాక్టరు."

"ఆ వ్యాను ఇంగా రాలేదా?"

"అది దారిలోనే చెడిపోయిందంట," శశికళ అతని భుజం మీదుగా రోడ్డునే చూస్తూ అంది. "మందు తెచ్చే మనిషికి ఫోను చేస్తే ఎవరో కట్ చేస్తా ఉండారు. మన పాప ఎవరో గూడా తెలీని మనిషి, దారిన పోయే రైతంట, నేను చేరుస్తానని మందు తీసుకుని ఎర్రబండి మీద బయలుదేరి గంట దాటిందంట, నీకు యాడన్నా కనపడినాడా?"