ముందే వచ్చిన గుర్రం

కొండప్పకు తప్పు చేయడం చేతకాదని భార్య కమలాక్షి పుంగనూరంతా చెప్పుకునేది.

ఇరవయ్యేళ్ల కాపురంలో ఆయన ఒక్క తప్పూ చేయలేదు. గొడుగు మరిచిపోతే తప్పు గొడుగుది. చదరంగంలో ఓడితే తప్పు ఎదుటివాడిది. అందుకే ఆడే పలక ఎత్తి వాడి తల మీద కొడతాడు. ఆ తర్వాత గెలిచేదాకా లేవడు.

ఇంట్లో ఉన్నది మూడో పలక.

రెండోది 1977లో, కుప్పం పోటీలో, గుడుపల్లె లక్ష్మీపతి ముఖం మీద విరిగింది. లక్ష్మీపతికి ఒక కన్ను పోయింది.

మరుసటేడు మళ్లీ కుప్పంలో పోటీ. కొండప్ప నాలుగు గంటల బస్సుకు సంచి సర్దుకున్నాడు.

"పోబాకు. లక్ష్మీపతోళ్లు కొడవళ్లు నూరి పెట్టుకోనుండారంట," అంది కమలాక్షి.

"నూరుకోనీ. తుప్పన్నా వదుల్తాది."

రెండు గంటలకు కొండప్ప వేరుశనగ అంగడి అరుగు మీదికి బక్కపలచని మనిషొకడు వచ్చాడు. భుజాన గుడ్డసంచి. పేరు రామప్ప అన్నాడు.

"కుప్పం పోతాండావంటనే అప్పా? ఆడ నల్లపావులు కూడా ఇస్తారు. నీకు తెల్లవి తప్ప చేతకావంట."

నిజమే. తన అరుగు, తన పలక, కాబట్టి తెల్లవి ఎప్పుడూ కొండప్పవే. పోయినేడు కుప్పంలో నల్లవి వచ్చాయి. ఓడాడు.

"నల్లవాటితో గెలిచే దోవ సూపిస్తా. కూర్చో."

కమలాక్షి కళ్లు రామప్ప సంచి మీదే ఉన్నాయి. అందులో వంకరగా, బరువుగా ఏదో ఉంది.

కొండప్ప తెల్లబంటును రెండిళ్లు నడిపాడు.

రామప్ప బంట్ల జోలికి పోలేదు. నల్లగుర్రాన్ని ఎగిరించి నడిమధ్యకు తెచ్చాడు.

"ఒంటరిగా గుర్రమా? సంపుకోమనా?"

"తరుముకో."

కొండప్ప తరిమాడు. ఒక్క గుర్రం కోసం నాలుగు బంట్లు ఎగబడ్డాయి. గుర్రం ఆడొక గంతు, ఈడొక గంతు.

"సూడప్పా. బంట్లన్నీ ఊరు దాటి పోయినాయి. ఇంక ఇంటికాడ రాజును కాసేదెవరు?"

తెల్లరాజు పడిపోయాడు.

కొండప్ప పిడికిలితో మూతి మీద గుద్దాడు. రామప్ప అరుగు మీదే పన్ను ఉమ్మేసి, పావులు మళ్లీ పేర్చాడు.

"ఇంకోటి ఆడదామా?"

రెండో ఆటలోనూ అదే గుర్రం. ఈసారి పలక లేచింది. టేకు అంచు నెత్తి మీద పడి రక్తం చెవి మీదుగా కారింది. కమలాక్షి కేక పెట్టింది.

రామప్ప పలకను తుడిచి మళ్లీ పరిచాడు.

"ఓడి లేస్తావా అప్పా?"

బస్సు హారన్ కొట్టింది. కొండప్ప లేవలేదు. బస్సు వెళ్లిపోయింది.

దాని చప్పుడు పూర్తిగా ఆగాక, రామప్ప తన నల్లరాజును తానే పడుకోబెట్టాడు.

"గెలిచినావులే. ఇంక లెయ్యి."

కమలాక్షి రామప్ప తలకు పసుపద్ది, తన పాతచీర చింపి కట్టు కట్టింది. "మదనపల్లె ఆసుపత్రికి పోప్పా," అంటూ బస్సెక్కించింది.

పొద్దు గూకే వేళకు కుప్పం బస్సు కండక్టర్ చేతికి కట్టుతో తిరిగొచ్చాడు. దోవలో నలుగురు బస్సునాపి కొండప్ప యాడని అడిగారట. లేడంటే నమ్మక సీట్లు నరికారట. అడ్డం పోయిన కండక్టర్ చేతి మీదా వేటేశారట.

కొండప్ప రాత్రంతా పలక వైపు చూడలేదు.

తెల్లారగానే కమలాక్షి మొగుణ్ని మదనపల్లె ఆసుపత్రికి లాక్కెళ్లింది. రామప్ప తెల్లవారుజామునే చనిపోయాడన్నారు.

వరండాలో దుప్పటి కప్పిన శవం. పక్కనే కూలబడ్డ మనిషి తలెత్తాడు. ఒకటే కన్ను.

కొండప్ప వెనక్కి తగ్గాడు.

"బయపడబాకు. నా కొడవలి ఇందులోనే ఉండాది," అన్నాడు లక్ష్మీపతి, ఒళ్లోని గుడ్డసంచి చూపిస్తూ. "నా చేతికి చిక్కకుండా ఎత్తుకోని నిన్న పొద్దున్నే ఇల్లిడిచినాడు. నేను ఇంకోటి తెచ్చుకోని బస్సుకు అడ్డం పడితి. నువ్వు లేవు."

"ఈయన... నీకేమైతాడు?"

"నాకు చదరంగం నేర్పించినోడు. నేను ఉరికంబం ఎక్కకూడదని నీ దెబ్బలు తినను పోయినోడు. మా అన్న."

కొండప్ప వంగి శవం కాళ్లు పట్టుకున్నాడు.

"తప్పు నాదే లక్ష్మీపతీ," అన్నాడు. "రెండుసార్లూ."