లోపం అడిగిన కంపెనీ

ఆ పెద్ద జపాన్ కంపెనీ ఉద్యోగానికి పరీక్షలు పెట్టడం ఎప్పుడో మానేసింది. చేతికి దీపం వెలిగే, మాట్లాడే పట్టీ కట్టి, నలభై రోజులు ఇంట్లో ఎలా ఉంటారో చూసి మనుషుల్ని తీసుకుంటోంది. మద్దిలపాలెంలో ఒకే గదిలో ఉండే నీలవేణి, మృదుల ఇద్దరూ కట్టుకున్నారు. నాలుగేళ్ళు జపనీస్ నేర్చుకున్న నీలవేణి పట్టీ ముప్పయ్యో రోజున ఆరిపోయింది, అంటే ఎంపిక కానట్టే. మృదులది వెలుగుతూనే ఉంది. అది కనబడినప్పుడల్లా నీలవేణి అసూయతో మొహం తిప్పుకునేది.

చివరి రోజు మృదుల డాబా మీద బట్టలు ఆరేస్తుండగా, నీలవేణి పట్టీ మళ్ళీ వెలిగి తెలుగులో అడిగింది.

"మీ స్నేహితురాలిలో లోపమేమిటి?"

మృదుల ఎవర్నీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు.

"కోపమండి. పెద్దవాళ్ళకైనా ఎదురు చెప్పేస్తుంది," అంది నీలవేణి.

"సంతోషం. మా దగ్గర అందరూ తలూపేవాళ్ళే. ఇలాంటి మనిషి కోసమే చూస్తున్నాం."

సాయంత్రం నియామక పత్రం చదివి మృదుల బిక్కమొహం వేసింది.

"పై అధికారులకి ఎదురు చెప్పడమే నా పనంట. నాకు కోపమే రాదు కదే. నువ్వు నేర్పవా?"

ఆ పత్రం మీది పేరు మరోసారి చూసి, నీలవేణి దాన్ని మడిచి పక్కన పెట్టింది.

"నేర్పుతాను, కూర్చో," అంది చివరికి. "నీకు కోపం తెప్పించే మాట నా దగ్గర ఒకటుంది."