నంద్యాల బ్యాండు, ఆళ్లగడ్డ బండ

ఆ ప్లేటు కొట్టేస్తే తప్ప తన బ్యాండు బతకదని ఆళ్లగడ్డ పుల్లయ్య తేల్చుకున్నాడు.

ప్లేటంటే గ్రామఫోను ప్లేటు. అమెరికాది. నిరుడు, అంటే 1957లో, నంద్యాల మిషన్ బంగళాలో ఉండే దొరసాని తన దేశం పోతూ పోతూ బ్యాండు మాస్టరు జ్ఞానప్రకాశానికి ఇచ్చిపోయింది. దాని అట్ట మీద కోట్లు తొడిగిన దొరలు పద్దెనిమిది మంది వరసలుగా కూర్చొని బాకాలు ఊదుతుంటారు. పాటలు కట్టిందీ, ఏ బాకా ఎప్పుడు మోగాలో కూర్చిందీ ముందు నిలబడి చేతులాడిస్తున్న ఆ బట్టతలాయన ఒక్కడేనట. దాన్ని జాజ్ అంటారట.

అప్పటినుంచి జ్ఞానప్రకాశం దశ తిరిగింది. ప్రతి శనివారం సాయంత్రం ఆ ప్లేటు ముందేసుకొని గంటసేపు గదిలో కూర్చునేవాడు. సోమవారానికల్లా బ్యాండులో కొత్త పాట. అది వింటే నడుము పట్టేసిన తాతలు కూడా భుజాలెగరేసేవాళ్లు. చివరికి ఆళ్లగడ్డ పెళ్లిళ్లకు కూడా నంద్యాల బ్యాండే రాసాగింది. సొంత ఊళ్లో పెళ్లి జరుగుతుంటే క్లారినెట్ ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చోవడం ఎంత నామోషీయో పుల్లయ్యకే తెలుసు.

వైశాఖంలో ఆళ్లగడ్డ పెద్దరైతు ఇంట్లో పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిది నంద్యాల. పెళ్లికొడుకు ఊరేగే మెరవణిలో రెండు ఊళ్ల బ్యాండులూ వాయించాలన్నారు. ఇక్కడ కూడా ఓడిపోతే ఆ క్లారినెట్‌ను రామసుబ్బమ్మకిచ్చి పొయ్యి ఊదుకోమనాల్సిందే. రామసుబ్బమ్మ పుల్లయ్య భార్య. ఆ మాట అన్నది కూడా ఆవిడే.

పుల్లయ్య నేరుగా విగ్రహాలు చెక్కే శిల్పి దగ్గరికి పోయాడు.

"అన్నా, కడప బండలో నాకొక ప్లేటు చెక్కియ్యి. గుండ్రంగా, పలచగా, నున్నగా. నడుమ బొక్క ఉండల్ల."

శిల్పి అతన్ని పైకీ కిందికీ చూశాడు. "ఏందప్పా, రాగులు ఇసిరేకా?"

"ఏదోకటిలే. బేగ కానీ."

ఆదివారం మొదటి బస్సుకే నంద్యాల చేరాడు. జ్ఞానప్రకాశం ఇంటిల్లిపాదీ చర్చిలో ఉన్నారు. తలుపుకు ఉత్త గొళ్లెమే. కుర్చీ మీద నిలబెట్టిన అట్టలోంచి ప్లేటు లాగి, బండ లోపలికి తోసి, మళ్లీ అక్కడే నిలబెట్టాడు. పనిలో పనిగా గ్రామఫోను కూడా ఎత్తుకుపోదామనిపించింది గానీ అది ఎదురుగా కనబడలేదు. కనబడినా అంత పెట్టెను బస్సులో మోసేదెవరులే అని సర్దిచెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి, మేనమామ ఇంట్లోని కీ ఇచ్చే గ్రామఫోను తెచ్చి ప్లేటు పెట్టాడు. ఆ ప్లేటేమో నిదానంగా తిరగాల్సిన కొత్త రకం. ఆ పాత పెట్టెకు పరుగెత్తడం ఒక్కటే తెలుసు. పద్దెనిమిది మంది దొరలూ కోడిపిల్లల్లా కిచకిచమన్నారు.

"ఇదేం పాటయ్యా? తేలు కుట్టినోళ్లు అరిచినట్టుండాది!" అంది రామసుబ్బమ్మ.

"నీకేం తెల్సు? ఇదే జాజ్," అన్నాడు పుల్లయ్య.

పదిహేను రోజులు ఊపిరి తిరక్కుండా సాధకం చేయించాడు. డోలు వాయించేవాడికి చేతులు వాచిపోయాయి. అయినా ప్లేటులో ఎంత వేగముందో అంత వేగమూ పట్టుకున్నారు.

పెళ్లిరోజు సాయంత్రం పుల్లయ్య బ్యాండు ముందు అందుకుంది. ఆ వేగానికి గుర్రం బెదిరి ఉరికింది. దాని మీద పెళ్లికొడుకు, వెనక పంచెలు ఎగగట్టిన పెద్దమనుషులు, పళ్లేలు పట్టుకున్న ముత్తయిదువలు, అందరూ పరుగే. రెండు గంటల మెరవణి పావుగంటలో ముగిసింది. పెళ్లికొడుకు తలపాగా మాత్రం బస్టాండు దగ్గరే ఉండిపోయింది.

తర్వాత జ్ఞానప్రకాశం వంతు. ఏ పెళ్లికెళ్లినా వెంట తెచ్చుకునే ఆ అట్టను పందిట్లో కుర్చీ మీద నిలబెట్టి, ఒకసారి కళ్లారా చూసుకొని, ట్రంపెట్ ఎత్తాడు. పాట తాపీగా మొదలై, మెల్లమెల్లగా పైకి లేచింది. ఆయాసంతో కూలబడిన పెద్దలు లేచి ఊగారు. పెళ్లికొడుకు కూడా ఊగాడు.

పుల్లయ్యకు మతి పోయింది. ప్లేటు తన ఇంట్లో ఉంటే వీడికి కొత్త పాట ఎక్కడిది? పాట ఆగీ ఆగకముందే పరుగున వెళ్లాడు.

"ఈ పాట ఆ ప్లేట్లో యాడా లేదే!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

జ్ఞానప్రకాశం కుర్చీ దగ్గరికి నడిచాడు. అట్టలో చెయ్యి పెట్టి బండ బయటికి లాగాడు. పుల్లయ్యకు సిగ్గుతో తల తీసేసినట్లయింది.

"ఇది పెట్టింది నువ్వా పుల్లయ్యన్నా? మంచిపని చేసినావు. ముందు ఈ అట్ట గాలికి పడిపోతాండె. పదైదు దినాల్నుంచి పెట్టిన చోటే నిలబడతాండాది. ప్లేటు నువ్వే ఉంచుకో."

"మల్ల నీకు కొత్త పాటలు యాడ్నుంచి వస్తాయప్పా?"

జ్ఞానప్రకాశం బండను జాగ్రత్తగా అట్టలోకి తోశాడు. బొమ్మలో బుగ్గలుబ్బించిన ఒక దొరను వేలితో చూపించాడు.

"ఈ బుగ్గలు చూసి, ఈయప్ప ఏం ఊదతాంటాడో అని అనుకొని నేనే కడతాండా. ప్లేటు ఇనేకి నా తావ గ్రామఫోను యాడుండాదన్నా?"