స్తంభానికి కట్టిన ఫొటో

రొట్టెల వ్యాను డ్రైవరుకు బ్రేకుతో పెద్దగా పరిచయం లేదు. అతను నడిపితే గాలికే ఆయాసం వస్తుందని బేకరీలో చెప్పుకునేవారు. ఏదో ఒక కొట్టు ముందు వ్యాను ఆగేసరికి, వెనక బన్నులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని వణుకుతూ కనిపించేవట.

అలాంటివాడి చేత ఆ మలుపు దగ్గర బ్రేకు తొక్కించింది ఒక ఫొటో.

దీపస్తంభానికి కట్టి ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్ల. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. ఫొటోకి తాజా పూలదండ. పక్కనే స్తంభాన్ని ఆనుకుని ఒకావిడ. ఏడవడం లేదు. వచ్చే ప్రతి బండినీ రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ చూపు అద్దంలోంచి దూరి తన కాలి మీద పడ్డట్టయింది అతనికి. కాలు దానంతటదే బ్రేకు మీదికి జారింది.

మలుపు దాటి టీ కొట్టు ముందు ఆపాడు.

"ఎవరు బాబాయ్ ఆ పిల్ల?"

"మా కుట్టుమిషనావిడ కూతురు," అన్నాడు టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ. "ఒకప్పుడు ఇది రోడ్డు కాదబ్బాయ్, సందు. ఈ వైపు ఇళ్ళు, ఆ వైపు బడి. పాలు పొంగేలోగా అవతలికెళ్ళి చక్కెర తెచ్చుకునేవాళ్ళం. వెడల్పు చేశారు. చెట్లు పోయాయి, ఫుట్‌పాత్ పోయింది. మా ఆవిడ, అవతల ఉండే వాళ్ళ చెల్లెలు, ఎవరి గుమ్మంలో వాళ్ళు నుంచుని ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో పోట్లాడుకుంటున్నారు."

"దాటడానికి తెల్లచారలైనా గీయించుకోవాల్సింది."

"అడగలేదనుకున్నావా? చెప్పులరిగాయి. 'అక్కడ ఇంతవరకూ ఎవరైనా పోయారా?' అన్నారు ఆఫీసులో. లేదన్నాం. 'అయితే తర్వాత చూద్దాం' అన్నారు." టీ కొట్టాయన గడ్డంతో ఫొటో వైపు చూపించాడు. "ఇప్పుడు అందరూ చూస్తున్నారు."

డ్రైవరు సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"బడి వదిలే వేళ మాత్రం జాగ్రత్త అబ్బాయ్," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఆ పిల్ల ఇంకా దాటుతూనే ఉంటుంది."

డ్రైవరు నవ్వబోయాడు. ఆయన నవ్వలేదు.

ఆ వారంలోనే జరిగింది. పట్టపగలు, ఫెళఫెళలాడే ఎండ. బేకరీ ఓనరు ఉదయం నుంచీ తిట్టిన తిట్లు చెవుల్లో తిరుగుతుంటే వ్యానుని దౌడు తీయిస్తున్నాడు. మలుపు సంగతే మరిచిపోయాడు. స్తంభం దగ్గర ఆవిడ రెండు చేతులూ ఎత్తి కేక పెట్టింది.

అప్పుడు కనిపించింది, నడిరోడ్డు మీద.

అవే రెండు జడలు. అదే మొహం.

బ్రేకు మీద నిలబడిపోయాడు. టైర్లు కీచుమన్నాయి. వెనక పెట్టెలన్నీ కూలాయి. పిల్ల బంపరుకు జానెడు దూరంలో ఆగి, తలెత్తి, అతని వంక చూసి నవ్వింది. అతను గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రోడ్డు ఖాళీ.

దిగి స్తంభం దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా... కనిపించింది."

"ఆపావా?"

"ఆపాను."

"ఎప్పుడు కనిపించినా ఆపు తమ్ముడూ. ఎవరి పిల్ల కనిపించినా ఆపు. ఒట్టెయ్."

ఒట్టేశాడు. అయినా ఆవిడ అతని చెయ్యి వెంటనే వదల్లేదు.

మర్నాటి నుంచి అతను ఆ స్తంభం కింద ఒక తీపి బన్ను పెట్టి పోయేవాడు. తెల్లారి వచ్చి చూస్తే బన్ను ఉండేది కాదు. చుట్టిన కాగితం మాత్రం పడవలా మడిచి ఉండేది. మొదటిసారి ఆ పడవ చూసినప్పుడు అతనికి ఒళ్ళు జలదరించింది. చిన్న చిన్న వేళ్ళతో మడిచినట్టుంది.

బేకరీలో చెప్పాడు. వాళ్ళు లారీలవాళ్ళకి చెప్పారు. కథ ఊరు దాటేసరికి ఆ పిల్ల పాదాలు వెనక్కి తిరిగాయి, కళ్ళలోంచి నిప్పులు రాలాయి. ఎంత బలిసిన లారీ అయినా ఆ మలుపు దగ్గర, ఉయ్యాలలో నిద్రపోయే బిడ్డ పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్ళసాగింది. ముసలీముతకా మళ్ళీ రోడ్డు దాటుతున్నారు. టీ కొట్టాయన భార్య అవతలికి స్వయంగా వెళ్ళి మరీ చెల్లెలితో పోట్లాడి వస్తోంది.

డ్రైవరుకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఒకటే అనుమానం.

"బాబాయ్, ఫొటోలో ముందు పన్ను లేదు. నన్ను చూసి నవ్విన పిల్లకి ఉంది. దయ్యాలకి పళ్ళు మొలుస్తాయా?"

టీ కొట్టాయనకి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు. "పైన మాత్రం పళ్ళ డాక్టర్లు ఉండరా ఏంటి?"

ఆ సాయంత్రం డ్రైవరు బన్ను కాస్త పెద్దది తెచ్చాడు. స్తంభం కింద పెట్టి, పూల మధ్య ఉన్న ఆ నవ్వుని ఎక్కువసేపు చూడలేక తల దించుకున్నాడు.

"ఇంక ఎక్కడా పరిగెత్తకు తల్లీ," అన్నాడు మెల్లగా. స్తంభం పక్కన ఆవిడ కొంగుతో నోరు మూసుకుని అటు తిరిగిపోయింది. దుఃఖం ఆపుకోలేకపోయిందనుకున్నాడు. బరువెక్కిన గుండెతో వ్యాను ఎక్కాడు.

వ్యాను మలుపు తిరగడం ఆలస్యం, టీ కొట్టు వెనకనుంచి బడిసంచితో పరుగెత్తుకొచ్చిన రెండు జడల పిల్ల, బన్ను నోటినిండా కుక్కుకుని, "అమ్మా, బళ్ళో అందరూ ఏడిపిస్తున్నారు, ఆ బోసినోటి ఫొటో తీసేసి కొత్తది పెట్టవే!" అంది.